మేత కత్తికి పదును, చక్రానికి తూకం

కృష్ణా డెల్టాలో వరి, పాడి ఒకదాని వెంట ఒకటి నడచుచున్నవి. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియై కాలువలకు నీరు పారిన నాటినుండి నేటివరకు ఇక్కడి పశువుకు వరిగడ్డియే ఆధారము. వరి కోతకు ముందు చేలో చల్లిన పిల్లిపెసర, జనుము కొన్ని నెలలు పచ్చిమేతనిచ్చును. ఇటీవలి కాలమున గట్ల వెంబడి, పెరళ్లలో నేపియరు జాతి గడ్డిని పెంచు రైతులు కూడ పెరిగినారు. కాని మేతను మోపులుగా పశువు ముందు వేసినచో అది ఆకును తిని కాడను విడిచిపెట్టును. కొంత కాలిక్రింద త్రొక్కును. కొంత పేడలో కలియును. అందుచేతనే మేతను చిన్న ముక్కలుగా కత్తిరించి వేయుట మంచిదని పశువైద్యులు చెప్పుచున్నారు. చేతితో త్రిప్పునవి గాని, కరెంటు మోటారుతో నడచునవి గాని, గడ్డి కత్తిరించు యంత్రములు నేడు పాడి గల చాలమంది రైతుల కొట్టములలో కనబడుచున్నవి. వీటినే మన రైతులు చాఫ్ కట్టర్లు అనుచున్నారు.

యంత్రము కొన్న మొదటి సంవత్సరము అందరును సంతోషముగానే ఉందురు. రెండవ సంవత్సరము వచ్చుసరికి ఫిర్యాదులు మొదలగును. "మోటారు లాగుట లేదు", "గడ్డి నోటిలో ఇరుక్కుంటున్నది", "చక్రము వణికి నేలలోని బోల్టులు ఊడుతున్నవి" అని చెప్పుదురు. కొందరు మోటారు మార్తురు. కొందరు యంత్రమునే మూలకు నెట్టి మరల కత్తిపీట పట్టుదురు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు, ఇట్టి సందర్భములలో దోషము తరచుగా మోటారుది కాదు. కత్తులు మొద్దుబారియుండును, లేదా రెండు కత్తులకును తూకము తప్పియుండును. ఈ రెండును ఇంటివద్దనే సరిచేసుకొనదగినవి. ఒక ఆకురాయి, ఒక సానరాయి, ఒక కాటా, రెండు గంటల ఓపిక ఉన్నచో చాలును.

మొండి కత్తి వలన నష్టములు

పదునైన కత్తి గడ్డిని తెంచును. మొండి కత్తి గడ్డిని నలిపి, మడచి, లాగును. అట్లు లాగిన గడ్డి కత్తికిని, నోటి పలకకును మధ్య దూరి చక్రమును పట్టి నిలుపును. మోటారు మూలుగును, వేడెక్కును, కరెంటు ఎక్కువ త్రాగును. చేతి యంత్రమైనచో త్రిప్పువారి భుజములు పడిపోవును. ముక్కలు సమముగా రావు. పొడవైన పీచులు మిగులును, వాటిని పశువు తొట్టిలోనే వదలిపెట్టును. పచ్చిమేతయైనచో కోసినచోట చితికి రసము కారిపోవును.

వీటన్నిటికంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. గడ్డి లోపలికి పోనపుడు మనిషి దానిని చేతితో నెట్టును. రోలర్ల పళ్లు గడ్డిని పట్టినట్లే వ్రేళ్లను కూడ పట్టును. రోలరు పట్టిన చేతిని వెనుకకు లాగుకొనుటకు వ్యవధి ఉండదు, కత్తి అంతలోనే వచ్చును. గడ్డి కత్తిరించు యంత్రములలో వ్రేళ్లు, చేతులు పోగొట్టుకొనినవారు మన దేశమున ఎందరో ఉన్నారు. వారిలో స్త్రీలు, పిల్లలు కూడ కలరు. పదును గల కత్తి ప్రమాదకరమని భయపడి కత్తిని మొండిగానే ఉంచువారు ఈ విషయమును ఆలోచింపవలెను. నడుచు యంత్రములో మొండి కత్తియే ఎక్కువ ప్రమాదకరము. పదును ఉన్నచో గడ్డి తనంతట తానే పోవును, చేయి నోటివద్దకు పోవలసిన పని ఉండదు.

వరిగడ్డి కత్తిని ఎందుకు అరగదీయును?

జొన్నచొప్ప కోసిన కత్తికంటె వరిగడ్డి కోసిన కత్తి త్వరగా మొద్దుబారుట రైతులు గమనించియే ఉందురు. దీనికి కారణము కలదు. వరి మొక్క నేలనుండి సిలికా అను పదార్థమును అధికముగా తీసుకొని తన ఆకులలోను, కాడలోను నిలువ చేసుకొనును. ఇసుకలో ఉండునదియు ఈ పదార్థమే. వరి ఆకుపై చేయి ఎదురుగా రాచినపుడు గరుకుగా తగిలి కోసుకొనునది దీనివలననే. వరిగడ్డిని కాల్చగా మిగిలిన బూడిదలో అధికభాగము సిలికాయే. కావున వరిగడ్డిని కోయు కత్తి ప్రతి కోతకు కొంచెము సన్నని ఇసుకను కూడ కోయుచున్నట్లే లెక్క.

దీనికి తోడు మన డెల్టాలో నల్లరేగడి మట్టి గడ్డికి అంటుకొని వచ్చును. యంత్రముతో వరి కోసిన చేలలో గడ్డి నేలపై పరచుకొని ఉండును. దానిని పోగుచేయునపుడు మట్టిగడ్డలు, చిన్న రాళ్లు, ఒక్కొక్కప్పుడు కట్టలు కట్టిన తీగ ముక్కలు కూడ మేతలో కలియును. గడ్డిని యంత్రములో పెట్టుటకు ముందు ఒకమారు దులిపినచో కత్తి పదును ఎక్కువ కాలము నిలుచును.

పనికి ముందు జాగ్రత్తలు

కత్తిని తాకుటకు ముందు ఈ నాలుగు పనులు చేయవలెను. ఇందులో ఏ ఒక్కటియు విడువరాదు.

1. మోటారు యంత్రమైనచో స్విచ్చి ఆపుట మాత్రమే చాలదు. ప్లగ్గు ఊడదీసి, దానిని పనిచేయువాడు తన కంటికి కనబడుచోట పెట్టుకొనవలెను. ప్లగ్గు లేక నేరుగా తీగలు కలిపియున్నచో ఫ్యూజు తీసి జేబులో వేసుకొనవలెను.

2. మోటారునుండి బెల్టును తప్పించవలెను.

3. చక్రపు ఆకుకును, యంత్రపు చట్రమునకును మధ్య ఒక గట్టి చెక్కదిమ్మ దూర్చి చక్రము కదలకుండ చేయవలెను. పెద్దచక్రము బరువైనది. ఒక బోల్టు వదులు కాగానే అది తనంతట తాను తిరిగి వ్రేళ్లపైకి రావచ్చును.

4. పిల్లలను దూరముగా పంపవలెను. చేతులకు మందపు గుడ్డగాని, తోలు తొడుగులుగాని ఉండవలెను. అయితే యంత్రము నడుచునపుడు మాత్రము తొడుగులు వేసుకొనరాదు. అవి రోలర్లలో చిక్కుకొనును.

కావలసిన పనిముట్లు

పది లేక పన్నెండు అంగుళముల బల్లపరుపు ఆకురాయి ఒకటి, రెండు వైపుల గరుకు, నునుపు గల సానరాయి ఒకటి, బోల్టులకు సరిపడు స్పానర్లు, కత్తిని పట్టియుంచుటకు వైసు, తూచుటకు చిల్లర కొట్టులో ఉండునటువంటి కాటా, కొంచెము కిరసనాయిలు, కొంచెము మోటారు నూనె, పాత గుడ్డ, బొగ్గు ముక్క లేక నల్లసిరా. వైసు లేనివారు కత్తిని గట్టి బల్లపై పెట్టి రెండు చెక్కలతో బిగించి కట్టుకొనవచ్చును. అన్నియు ముందుగానే దగ్గర పెట్టుకొనవలెను.

కత్తులను విప్పుట

మన ప్రాంతమున వాడు యంత్రములలో సాధారణముగా పెద్దచక్రమునకు రెండు కత్తులు ఎదురెదురుగా ఉండును. కొన్నిటికి మూడు కూడ ఉండును. విప్పుటకు ముందు ఒక కత్తికిని, అది ఉన్న చక్రపు ఆకుకును ఒక గుర్తు, రెండవదానికి రెండు గుర్తులు ఉలితో పెట్టుకొనవలెను. ఏ కత్తి ఎక్కడనుండి వచ్చినదో అక్కడికే పోవలెను. బోల్టులు, వాషర్లు, కత్తి క్రింద పెట్టిన సన్నని రేకులు కూడ ఏ కత్తివి ఆ కత్తి వద్దనే వేరు వేరు డబ్బాలలో ఉంచవలెను. త్రుప్పు పట్టిన బోల్టునకు ముందునాటి రాత్రి కిరసనాయిలు పోసినచో తేలికగా వదలును.

విప్పిన కత్తిని కిరసనాయిలుతో కడిగి తుడిచి వెలుతురులో చూడవలెను. బోల్టు రంధ్రముల చుట్టును వెంట్రుకవలె సన్నని పగుళ్లు ఉన్నవేమో ముఖ్యముగా పరీక్షింపవలెను. పగులు ఉన్న కత్తికి పదును పెట్టుట అనవసరము. దానిని పారవేయవలసినదే. వెల్డింగు చేయించి వాడుట ప్రాణముతో ఆడుకొనుట. తిరుగు చక్రమునుండి విరిగిన కత్తి ముక్క ఎవరి మీదికి పోవునో చెప్పలేము.

పదును పెట్టు పద్ధతి

గడ్డి కత్తికి ఒకవైపు మాత్రమే వాలు ఉండును. రెండవవైపు బల్లపరుపుగా ఉండి నోటి పలకకు ఆనుకొని పోవును. వాలు ఉన్న వైపే అరగదీయవలెను. బల్లపరుపు వైపును ఆకురాయితో అరగదీసినచో కత్తికిని, పలకకును మధ్య సందు ఏర్పడును. తరువాత ఎంత పదును పెట్టినను గడ్డి తెగదు. ఇంట్లో కూరగాయల కత్తికి రెండువైపుల నూరు అలవాటు ఉన్నవారు ఇక్కడ ప్రత్యేకముగా జాగ్రత్త పడవలెను.

కత్తి క్రొత్తగా వచ్చినపుడు ఉన్న వాలునే కాపాడవలెను. వాలు మరీ పలుచన చేసినచో మొదటిరోజు బాగుగా తెగును గాని అంచు త్వరలోనే పెచ్చులూడును. మరీ నిటారు చేసినచో కత్తి గడ్డిని కోయక కొట్టును. వాలును కాపాడుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. వాలు అంతటను బొగ్గుతోగాని, సిరాతోగాని నల్లగా పూయవలెను. ఆకురాయితో రెండుమూడు మారులు తేలికగా రాచి చూడవలెను. నలుపు వాలు అంతటను సమముగా పోయినచో ఆకురాయి సరియైన కోణములో ఉన్నట్లు. అంచువద్ద మాత్రమే పోయినచో ఆకురాయి వెనుకభాగము లేచియున్నది. వెనుకవైపు మాత్రమే పోయినచో ఆకురాయి ఎక్కువ వాలియున్నది.

ఆకురాయిని ముందుకు నెట్టునపుడే ఒత్తిడి పెట్టవలెను. వెనుకకు తెచ్చునపుడు ఎత్తి తేవలెను. వెనుకకు కూడ ఒత్తి రాచినచో ఆకురాయి పళ్లు చెడిపోవును. కత్తి ఒక కొననుండి రెండవ కొనవరకు వరుసగా పోవలెను. మధ్యలో ఒకచోటనే ఎక్కువ రాచినచో అక్కడ గుంట పడును. ఆ గుంటలోని గడ్డి తెగక మడతపడి మిగులును. కత్తి వంపుగా ఉన్నచో క్రొత్త కత్తి వంపును ఒక అట్టముక్కపై గీసి కత్తిరించి దాచుకొనవలెను. పదును పెట్టినపుడెల్ల ఆ అట్టను ఆనించి చూచుకొనవచ్చును.

ఎన్నిమారులు ఆకురాయి రాచితిమో లెక్క పెట్టుట చాల అవసరము. మొదటి కత్తిపై ముప్పదిమారులు రాచినచో రెండవదానిపైనను ముప్పదిమారులే రాయవలెను. ఇట్లు చేసినచో తూకము చాలవరకు చెడకుండ ఉండును.

అంచు పొడవునా సన్నని గరుకు పొర బల్లపరుపు వైపునకు ఒరుగువరకు రాయవలెను. ఆ గరుకును కంటితో చూచుట కష్టము. బల్లపరుపు వైపున వెనుకనుండి అంచువైపునకు బొటనవ్రేలిని నెమ్మదిగా జరిపినచో, అంచు దాటునపుడు తెలియును. అంచు వెంబడి వ్రేలిని ఎన్నడును లాగరాదు. తరువాత సానరాయి నునుపు వైపున నీరుగాని, నూనెగాని వేసి వాలును పదిపదునైదు మారులు నూరవలెను. చివరకు కత్తి బల్లపరుపు వైపును రాతిపై పూర్తిగా పరచి ఒకటి రెండు మారులు మాత్రమే తేలికగా జరిపినచో గరుకు ఊడిపోవును. పాత వార్తాపత్రిక ముక్కను గాలిలో పట్టి కోసినపుడు చినుగక తెగినచో పదును సరిపోయినట్లు.

వేడి ఉక్కుకు శత్రువు

కొందరు కత్తులను కరెంటుతో తిరుగు సానచక్రమునకు పెట్టుదురు. పని త్వరగా ముగియును, నిజమే. కాని కత్తి అంచు చాల పలుచనిది. క్షణములో వేడెక్కును. ఉక్కు వేడెక్కినకొలది మొదట లేత గడ్డిరంగు, తరువాత గోధుమరంగు, తరువాత నీలిరంగు తేలును. నీలిరంగు కనబడినదనిన ఆ చోట వేడి సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరినట్లు. అక్కడ కమ్మరి పెట్టిన పదును నీరు విరిగిపోయినదని గ్రహింపవలెను. అట్టి అంచు చూచుటకు మెరయుచున్నను, మెత్తబడి రెండురోజులలో మొద్దుబారును. సానచక్రము వాడక తప్పనిచో కత్తిని తేలికగా ఆనించి, రెండుమూడు క్షణములకు ఒకమారు బకెట్టు నీటిలో ముంచుచుండవలెను. కత్తి చేతికి వేడిగా తగిలిన మరుక్షణమే ఆపవలెను. కండ్లకు అద్దములు తప్పనిసరి.

తూకము ఎందుకు?

రెండు కత్తులు చక్రమునకు ఎదురెదురుగా ఉండి ఒకదాని లాగుడును మరొకటి సరిపెట్టుచుండును. ఒకటి బరువు, రెండవది తేలికయైనచో చక్రము ప్రతి చుట్టునకును బరువు వైపునకు గుంజును. ఆ గుంజుడు ఎంత ఉండునో లెక్క వేసి చూచినచో ఆశ్చర్యము కలుగును. చక్రము నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్నదనుకొందము. కత్తుల మధ్య బరువు తేడా 50 గ్రాములే. ఆ కత్తి ఇరుసునకు 25 సెంటీమీటర్ల దూరమున ఉన్నది. అపుడు ఇరుసుపై పడు గుంజుడు సుమారు 5 కిలోల బరువునకు సమానము. అది సెకనుకు పదిమారులు దిక్కు మార్చుకొనుచు, ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి, బేరింగులను సుత్తితో కొట్టినట్లు కొట్టుచుండును. ఇంకొక సంగతి: వేగము రెండింతలైనచో గుంజుడు రెండింతలు కాక నాలుగింతలగును. నెలల తరబడి ఇట్లు నడచిన యంత్రములో బేరింగులు అరిగి, బోల్టులు వదులై, కత్తి నోటి పలకను తాకు స్థితి వచ్చును.

తూకము చూచు పద్ధతి

ఒకటి: పదును పెట్టిన తరువాత రెండు కత్తులను తుడిచి కాటాలో చెరియొకవైపు పెట్టవలెను. ఎలక్ట్రానిక్ కాటా ఉన్నచో వేరువేరుగా తూచి వ్రాసికొనవలెను. తేడా ఉన్నచో బరువైన కత్తిని వెనుక అంచున, అనగా కోయని వైపున, ఆకురాయితో అరగదీసి రెండవదానికి సమము చేయవలెను. కోయు అంచును తూకము కొరకు అరగదీయరాదు. బోల్టు రంధ్రములను పెద్దవి చేయరాదు.

రెండు: మొత్తము బరువు సమమైనను, ఒక కత్తిలో బరువు బయటి కొనవైపు, రెండవదానిలో లోపలి కొనవైపు ఉండవచ్చును. దీనిని తెలిసికొనుటకు కత్తిని బల్లపై పెట్టిన గుండ్రని కడ్డీపై అడ్డముగా ఉంచి, ఏచోట ఇటు అటు ఒరుగక నిలుచునో అక్కడ బొగ్గుతో గీత గీయవలెను. రెండు కత్తులకును ఈ గీత ఒకే కొనకు ఒకే దూరమున ఉండవలెను.

మూడు: బోల్టులు, నట్లు, వాషర్లు రెండు వైపులను ఒకే జాతివి, ఒకే సంఖ్యలో ఉండవలెను. ఒక బోల్టు పోయినదని దానికి బదులు పొడవైన బోల్టు వేయుట, ఒకవైపు రెండు వాషర్లు వేయుట మన పల్లెలలో సామాన్యముగా జరుగుచున్నది. తూకము తప్పుటకు ఇదియు ఒక కారణము. ఒక కత్తి విరిగినపుడు ఒకటి మాత్రమే క్రొత్తది వేయక జతగా మార్చవలెను.

నాలుగు: కత్తులు బిగించిన తరువాత బెల్టు లేకుండ, రోలర్ల పళ్లు తప్పించి, చక్రమును చేతితో నెమ్మదిగా త్రిప్పి వదలవలెను. ఇట్లు ఐదారుమారులు చేయవలెను. ప్రతిమారు ఒకేచోటు క్రిందికి వచ్చి నిలిచినచో ఆ వైపు బరువుగా ఉన్నదన్నమాట. ఒక్కొక్కమారు ఒక్కొక్కచోట నిలిచినచో తూకము కుదిరినది.

తిరిగి బిగించుట

నోటి పలక అంచును కూడ ఒకమారు చూడవలెను. గడ్డిని కోయుటలో కత్తికి ఎంత పాలున్నదో పలకకును అంత పాలున్నది. పలక అంచు గుండ్రముగా అరిగియున్నచో దానిని కూడ ఆకురాయితో చదును చేసి మూల తేల్చవలెను, లేదా తిరగవేసి వాడుకొనవలెను.

కత్తికిని, పలకకును మధ్య సందు ఎంత తక్కువగా ఉన్నచో కోత అంత శుభ్రముగా ఉండును. కాని రెండును తాకరాదు. చక్రమును చేతితో త్రిప్పుచు కత్తి మొదలు, నడుము, కొన మూడుచోట్లను ఒక పోస్టుకార్డు మందపు కాగితము దూరునట్లు సర్దుబాటు మరలతో సరిచేయవలెను. మరలు లేని యంత్రములలో కత్తి క్రింద సన్నని రేకులు పెట్టి సరిచేయవచ్చును. రెండు కత్తులకును రేకులు సమముగా ఉండవలెను. బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొంచెము కొంచెముగా బిగించి, చివరకు అన్నిటిని గట్టిగా బిగింపవలెను. చక్రమును పది చుట్లు చేతితో త్రిప్పి ఎక్కడను రాపిడి శబ్దము రాదని తెలిసిన తరువాతనే చెక్కదిమ్మ దాచి, కప్పు బిగించి, బెల్టు వేసి, చివరకు ప్లగ్గు పెట్టవలెను. మొదట ఒక నిమిషము ఖాళీగా నడిపి, పక్కకు నిలిచి వినవలెను. చక్రమునకు ఎదురుగా నిలువరాదు. అరగంట పని తరువాత ఆపి బోల్టులను మరల ఒకమారు బిగింపవలెను.

గట్లమీది గడ్డికోత యంత్రములు

కొబ్బరి, మామిడి తోటలలోను, చేలగట్ల మీదను, చేపల చెరువుల గట్ల మీదను భుజమునకు తగిలించుకొని గడ్డి కోయు యంత్రములు నేడు విరివిగా వచ్చినవి. విజయవాడ నగరమున పార్కులు, కళాశాలల పచ్చిక బయళ్లలో చక్రముల మీద నడుచు పచ్చిక యంత్రములు వాడుచున్నారు. వీటి కత్తులకును పైన చెప్పిన సూత్రములే వర్తించును. కాని వేగము చాల ఎక్కువగుటచే తూకము మరింత ముఖ్యము. భుజపు యంత్రము నిమిషమునకు 7000 చుట్లు తిరుగునపుడు, ఇరుసునకు 10 సెంటీమీటర్ల దూరమున ఒకే ఒక గ్రాము తేడా ఉన్నను సుమారు 5 కిలోల గుంజుడు కలుగును. గంట పనికే చేతులు తిమ్మిరి ఎక్కుటకు ఇది ఒక కారణము.

ఈ కత్తుల తూకము చూచుట మిక్కిలి సులభము. గోడకు ఒక నున్నని మేకు కొట్టి, కత్తి నడిమి రంధ్రమును దానికి తగిలించి అడ్డముగా నిలిపి వదలవలెను. బరువైన కొన క్రిందికి వాలును. ఆ కొనను వెనుక అంచున కొంచెము అరగదీసి మరల తగిలించి చూడవలెను. తరువాత కత్తిని ముఖము మార్చి తగిలించి కూడ చూడవలెను. రెండు విధములను అడ్డముగా నిలిచినచో చాలును.

విప్పుటకు ముందు ఇంజను ఆపి, స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీయవలెను. భుజపు యంత్రములలో కత్తి నట్టునకు సాధారణముగా ఎడమ మర ఉండును. అనగా మామూలు నట్టును బిగించు దిక్కున త్రిప్పినచో అది వదలును. ఇది తెలియక బలవంతము చేసి మర చెడగొట్టుకొనువారు ఉన్నారు. వంగిన కత్తిని సుత్తితో కొట్టి సరిచేసి వాడరాదు. పళ్లకు గట్టి లోహపు ముక్కలు అతికిన గుండ్రని కత్తులను ఇంట్లో ఆకురాయితో రాయుటకు వీలుపడదు.

మేతలో ఇనుము పడరాదు

ఆకురాయి పట్టిన పొడి, ఊడిన కత్తి పెచ్చులు, తీగ ముక్కలు మేతలో కలిసినచో పశువుకు ప్రాణాపాయము. పశువు మేతను పెదవులతో ఏరుకొని తినదు. ఇనుప ముక్కలు తేనెపట్టువలె గడులుండు రెండవ పొట్టలో నిలిచిపోవును. ఆ పొట్టకు ఎదురుగా, సన్నని పొర అడ్డముగా, గుండె కలదు. వాడిగా ఉన్న తీగ ముక్క పొట్టను చీల్చుకొని గుండెను చేరుట పశువైద్యులకు సుపరిచితమైన సంగతి. కావున పదును పెట్టు పనిని కొట్టములో, గడ్డివామి దగ్గర చేయరాదు. పాత గోనెసంచి పరచి దానిపై చేయవలెను. పని ముగిసిన తరువాత సంచిని దూరముగా దులుపవలెను. పాత స్పీకరునుండి తీసిన అయస్కాంతము ఒకటి దారమునకు కట్టి మేత తొట్టిలోను, యంత్రము క్రిందను త్రిప్పినచో మిగిలిన రజను అంటుకొని వచ్చును.

మేతను మరీ సన్నగా పొడిచేయుటయు మంచిది కాదు. ముక్కలు సుమారు ఒక అంగుళముండుట మేలు. పొడివలె ఉన్న మేత తిన్న పశువు సరిగా నెమరు వేయదు, పాలలో వెన్న తగ్గును. మన ప్రాంతమున పాలకు వెన్న శాతమునుబట్టి ధర కట్టుదురు గనుక ఇది రైతు గుర్తుంచుకొనదగిన విషయము.

ఎప్పుడు పదును పెట్టవలెను? ఎప్పుడు కమ్మరి వద్దకు పోవలెను?

ఇన్ని రోజులకని కచ్చితముగా చెప్పుట సాధ్యము కాదు. పశువుల సంఖ్య, మేత జాతి, మట్టినిబట్టి మారును. ముక్కలలో పొడవైన పీచులు కనబడుట, మోటారు శబ్దము బరువెక్కుట, మేతను నెట్టవలసి వచ్చుట, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినను పదును పెట్టవలసిన కాలము వచ్చినట్లే. వరిగడ్డి వాడు రోజులలో సానరాయితో వారమునకు ఒకమారు నూరి ఉంచినచో ఆకురాయి పని తగ్గును, కత్తి ఆయుర్దాయము పెరుగును. కత్తులు రెండు జతలుండుట ఎంతయో మేలు. ఒకటి యంత్రములో ఉండగా రెండవది పదును పెట్టి నూనె రాసి సిద్ధముగా ఉంచుకొనవచ్చును.

అంచున లోతైన గంట్లు పడినపుడు, నీలిరంగు తేలి మెత్తబడినపుడు, కత్తి వెడల్పు తరిగి బోల్టులకు దగ్గరగా వచ్చినపుడు ఇంటి పని చాలదు. మొదటి రెండింటికి ఊరి కమ్మరిని ఆశ్రయింపవలెను. విజయవాడ ఆటోనగరు వంటిచోట్ల సానపట్టు పనివారు, లారీల కమాను పట్టీల ఉక్కుతో కత్తులు చేయువారు దొరకుదురు. కమాను పట్టీ ఉక్కు మంచిదే గాని, దానికి తగిన రీతిగా నీరు పెట్టవలెను. మరీ గట్టిపడిన కత్తి పెళుసై విరుగును. చేయించిన కత్తులను జతగా చేయించి, అక్కడనే కాటాలో పెట్టి చూచుకొని తెచ్చుకొనవలెను. వెడల్పు తరిగిన కత్తిని మాత్రము మార్చవలసినదే.

యంత్రము నడుపువారికి

పదును పెట్టిన మొదటిరోజున యంత్రము నిన్నటికంటె వేగముగా మేతను లాగుకొనును. నడుపువారికి ఈ సంగతి ముందుగా చెప్పవలెను. స్త్రీలు చీరకొంగు నడుమునకు దోపుకొని, జడ ముడిచి, గాజులు, కడియములు పైకి తీసి పనిచేయవలెను. పురుషులు తువ్వాలు మెడలో వ్రేలాడవేసికొనరాదు. చివరి పిడికెడు మేతను చేతితో నెట్టక తరువాతి మోపుతోగాని, కర్రతోగాని నెట్టవలెను. రోలర్లను వెనుకకు త్రిప్పు మీట ఉన్న యంత్రమైనచో అది ఎక్కడ ఉన్నదో ఇంటిలోని ప్రతివారికి తెలియవలెను. వారమునకు ఒకమారు దానిని కదలించి చూడవలెను. చేతి యంత్రమును పని ముగిసిన తరువాత గొలుసుతో చక్రమునకు తాళము వేయవలెను. పిల్లలు ఆటగా చక్రము త్రిప్పగా మరొక పిల్లవాని వ్రేళ్లు తెగుట చాల తరచుగా జరుగు ప్రమాదము.

దైవవశమున ప్రమాదము జరిగినచో గాయముపై శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేతిని పైకెత్తి ఉంచవలెను. పసుపు, కాఫీపొడి, సున్నము అద్దరాదు. తెగిన భాగమును శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, ఆ సంచిని మంచుముక్కల మధ్య ఉంచవలెను. తెగిన భాగమునకు మంచు నేరుగా తగులరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆలస్యము లేక పెద్ద ఆసుపత్రికి చేరినచో కొన్ని సందర్భములలో వ్రేలిని తిరిగి అతుకు అవకాశము కలదు.

గ్రామాధికారులకు మనవి

ప్రతి రైతును ఆకురాయి, వైసు, కాటా కొనవలసిన అవసరము లేదు. రైతు సేవా కేంద్రమునగాని, పాల సేకరణ కేంద్రమునగాని ఒక వైసు, రెండు ఆకురాళ్లు, ఒక సానరాయి, స్పానర్ల జత ఉంచినచో ఊరి రైతులందరికి ఉపయోగపడును. పాల కేంద్రములో కాటా ఎట్లును ఉండును. సంక్రాంతి పండుగకు ముందు, వరిగడ్డి ఇంటికి చేరు దినములలో, ఒకరోజు ఊరి కమ్మరిని పిలిపించి రైతులందరి కత్తులను తెప్పించి ఈ పద్ధతులను కండ్లయెదుట చేయించి చూపవలెను. కౌలు రైతులను, ఒకటి రెండు గేదెలు గల స్త్రీలను ముఖ్యముగా పిలువవలెను. యంత్రము నడుపువారు ఎక్కువగా వారే. క్రొత్త యంత్రములు పంచునపుడు చక్రమునకు కప్పు, మేత తొట్టికి మూత, రోలర్లను వెనుకకు త్రిప్పు మీట ఉన్నవో లేదో చూచి మరీ ఇవ్వవలెను. గడ్డి కత్తిరించు కరెంటు యంత్రములకు భారత ప్రమాణముల సంస్థ భద్రతా ప్రమాణములను ఏర్పరచియున్నది. కొనువారు ఆ గుర్తు కొరకు అడుగుట మంచిది. పాత యంత్రమునకు కప్పు లేనిచో ఊరి వెల్డింగు దుకాణములో రేకుతో చేయించి బిగింపవచ్చును.

నాగలి కర్రునకు కమ్మరి వద్ద పదును పెట్టించక మన పెద్దలు ఏరువాక సాగింపలేదు. కొడవలికి కక్కు వేయించక కోతకు దిగలేదు. నేడు పనిముట్టు మారినది, చక్రము మీదికి ఎక్కినది, వేగము పెరిగినది. పనిముట్టును పనికి ముందు చూచుకొను ఆ పాత అలవాటును ఈ క్రొత్త యంత్రమునకు కూడ కొనసాగించినచో మేత వృథా కాదు, మోటారు కాలదు, పనిచేయు చేయి క్షేమముగా ఉండును.